కరివేపాకూ మల్లే: పక్కపక్కనే ఉన్నా పద్ధతులు వేరు

అమెరికాలో మన వాళ్ళ ఇళ్ళల్లో బాక్‌యార్డ్ తలుపు తీస్తే సాధారణంగా రెండు కుండీలు కనిపిస్తాయి. ఒకటి కరివేపాకు, రెండోది మల్లె. పప్పులో తాలింపుకి ఒకటి, వేసవి సాయంత్రం కాసిని మొగ్గలు కోసి దేవుడి దగ్గర పెట్టుకోవడానికి ఇంకొకటి. రెండూ వేడి దేశం మొక్కలే కాబట్టి రెండింటికీ ఒకే రకం సేవ చేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. 2021 ఫిబ్రవరి దాకా నేనూ అలాగే అనుకున్నాను.

ఆ నెలలో టెక్సాస్‌ని మంచు తుపాను ముంచెత్తింది. ఫిబ్రవరి 16న డాలస్‌లో ఉష్ణోగ్రత మైనస్ 2 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి, అంటే మన లెక్కలో మైనస్ 19 డిగ్రీలకి పడిపోయింది. కరెంటు లేదు. గరాజ్‌లో ఉన్న రెండు కుండీల్లో ఒక్కదాన్నే లోపలికి తేగలిగాను. పదకొండేళ్ళుగా పెంచుకున్న కరివేపాకుని హాల్లోకి లాక్కొచ్చాను. పందిరి కర్రలతో కలిపి కట్టేసిన మల్లె కుండీ కదల్లేదు. దాని మీద రెండు దుప్పట్లు కప్పి దణ్ణం పెట్టుకున్నాను.

వారం తర్వాత చూస్తే మల్లె ఆకులన్నీ నల్లబడి వేలాడుతున్నాయి. పోయిందనే అనుకున్నాను. కరివేపాకు మాత్రం పచ్చగానే ఉంది. ఆ తర్వాత రెండు వారాల్లో అదీ ఒక్కో రెబ్బా రాల్చేసి మోడుగా మిగిలింది. దాహం వేస్తోందేమో అని రోజూ చెంబెడు నీళ్ళు పోశాను. ఏప్రిల్‌లో అమ్మ ఫోన్లో అంది: "గోటితో కాండం గీకి చూడవే, లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టు." గీకితే కరివేపాకు కాండం గోధుమ రంగులో ఉంది. కుండీలోంచి తీసి చూస్తే వేర్లు కుళ్ళిపోయి వాసన కొడుతున్నాయి. బతికించుకుందామని లోపలికి తెచ్చిన మొక్కని నా చేతుల్తో పోసిన నీళ్ళే చంపేశాయి. పోయిందనుకున్న మల్లె ఏప్రిల్ చివరికి మొదట్లోంచి రెండు చిగుళ్ళు వేసింది.

ఈ రెండింటి తేడా అప్పుడు కూర్చుని నేర్చుకున్నాను. నాలాగా ఇంకొకరు మొక్క పోగొట్టుకోకూడదని ఇక్కడ రాస్తున్నాను.

పెరిగే తీరు

కరివేపాకు నిమ్మ, బత్తాయి కుటుంబానికి చెందిన చెట్టు. మన ఊళ్ళల్లో పెరట్లో ఇంటి కప్పు దాకా పెరుగుతుంది. కుండీలో మాత్రం మొదటి రెండేళ్ళు బాగా నెమ్మది. అప్పుడు తొందరపడి ఆకు కోస్తే ఎదగదు. పంట కోసేటప్పుడు ఒక్కో ఆకు గిల్లకుండా రెబ్బ మొత్తం తీయాలి. కొమ్మ చివర తుంచితే పక్కనుంచి రెండు మూడు కొమ్మలు వచ్చి మొక్క గుబురుగా అవుతుంది. ఆకే కావాలనుకుంటే పూత వచ్చినప్పుడు తుంచెయ్యడం మంచిది. గింజల నుంచి పెంచాలంటే పండిన కాయల గుజ్జు తీసేసి వెంటనే నాటాలి. ఎండబెట్టి దాచిన గింజ చాలావరకు మొలవదు.

మల్లెది ఆలివ్ కుటుంబం. కాస్త పొదలాగా, కాస్త తీగలాగా పెరుగుతుంది. పువ్వు కొత్త చిగురు మీదే వస్తుంది. అందుకే కత్తెర పడని మల్లెకి ఆకులు ఎక్కువ, పూలు తక్కువ. ఎన్టీఆర్ జిల్లా మైలవరం లాంటి చోట్ల మల్లె తోటలున్న రైతులు చలికాలంలో నీళ్ళు తగ్గించి, కొమ్మలు కత్తిరించి, తర్వాత ఎరువు వేసి నీళ్ళు పెడతారు. వేసవికి తోటంతా మొగ్గలే. మనమూ ఫిబ్రవరి చివర్లో మూడో వంతు దాకా కత్తిరించుకోవచ్చు. ఒక విడత పూలు అయ్యాక కొసలు తుంచితే ఇంకో విడత వస్తుంది. దీన్ని కొమ్మ నాటి గానీ, అంటు కట్టి గానీ పెంచుతారు.

నీళ్ళూ ఎండా

ఎండ రెండింటికీ కావాలి, రోజుకి కనీసం ఆరు గంటలు. తేడా నీళ్ళ దగ్గర వస్తుంది. జులై ఎండల్లో కుండీలో మల్లెకి రోజూ నీళ్ళు పొయ్యాల్సిందే. మట్టి ఎండితే మొగ్గలు రాలిపోతాయి. కరివేపాకుకి పైన అంగుళం మట్టి ఆరాకే పొయ్యాలి. నీళ్ళు నిలవకుండా మట్టిలో ఇసక గానీ పెర్లైట్ గానీ కలపాలి. చిన్న మొక్కని ఒకేసారి పెద్ద కుండీలో పెట్టినా తడి ఎక్కువసేపు నిలిచి వేరు కుళ్ళుతుంది. ఒక్కో సైజు పెంచుకుంటూ పోవాలి. మల్లె మాత్రం వేర్లు కాస్త ఇరుగ్గా ఉన్నా బాగానే పూస్తుంది.

ఈనెలు పచ్చగా ఉండి ఆకు పసుపు రంగుకి తిరిగితే అది ఇనుము లోపం. డాలస్ లాంటి చోట్ల క్షార గుణం ఉన్న నీళ్ళకి రెండు మొక్కల్లోనూ ఇది కనిపిస్తుంది. నర్సరీల్లో దొరికే చీలేటెడ్ ఐరన్ వేస్తే తేరుకుంటాయి. అమ్మమ్మల కాలం నాటి పుల్ల మజ్జిగ సంగతికొస్తే, బాగా పలచన చేసి బయట ఉన్న కుండీకి పోసుకోవచ్చు. ఇంట్లో ఉన్న కుండీకి పోస్తే వాసనా, దోమల్లాంటి చిన్న ఈగలూ తప్పవు.

చలికాలం

రాత్రి ఉష్ణోగ్రత 50 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి, అంటే 10 సెల్సియస్‌కి దిగుతుంటే రెండింటినీ లోపలికి తెచ్చేయండి. ఏడాది పొడుగునా బయట ఉంచడం దక్షిణ ఫ్లోరిడా, దక్షిణ కాలిఫోర్నియా తీరం లాంటి వెచ్చని చోట్లే కుదురుతుంది. లోపలికి వచ్చిన కరివేపాకు ఆకులు రాల్చడం జబ్బు కాదు, అది నిద్ర. ఆకుల్లేని మొక్క నీళ్ళు తాగదు. రెండు మూడు వారాలకోసారి కాసిని నీళ్ళు చాలు, ఎరువు అసలు వద్దు. మల్లెని వెలుతురు బాగా వచ్చే కిటికీ దగ్గర పెట్టి, మట్టి పూర్తిగా ఎండకుండా చూసుకోవాలి. హీటర్ గాలికి ఆకుల వెనక ఎర్ర నల్లి పడుతుంది. వారానికోసారి ఆకుల్ని నీళ్ళతో కడిగితే అదుపులో ఉంటుంది.

వసంతంలో బయట పెట్టేటప్పుడు మొదటి వారం నీడలో ఉంచి తర్వాత ఎండలోకి జరపండి. నేరుగా ఎండలో పెడితే ఆకు మాడుతుంది. మోడైపోయిన మొక్కని మే నెల దాటే దాకా పారెయ్యకండి.

పేరు చూసి మోసపోవద్దు

నర్సరీలో 'కర్రీ ప్లాంట్' అని రాసి ఉంటే అది మన కరివేపాకు కాదు. బూడిద రంగు సన్నటి ఆకులతో పసుపు పూలు పూసే వేరే మొక్క అది. మనకి కావలసింది 'కర్రీ లీఫ్'. 'స్టార్ జాస్మిన్' కూడా అసలు మల్లె జాతి కాదు. 'కరోలినా జెస్సమిన్' అయితే విషం. పిల్లలున్న ఇంట్లో దాని పువ్వు నోట్లో పెట్టుకోకుండా చూసుకోవాలి. మన మల్లెకి ఇక్కడి పేరు 'అరేబియన్ జాస్మిన్'. అందులో 'మెయిడ్ ఆఫ్ ఆర్లియన్స్' తక్కువ రేకులది, 'గ్రాండ్ డ్యూక్' బాగా ముద్దగా ఉండే బొండుమల్లె.

చట్టం సంగతి

మల్లె పిలక స్నేహితులకి ఇచ్చినంత తేలిగ్గా కరివేపాకు ఇవ్వకూడదు. బత్తాయి, నారింజ తోటల్ని నాశనం చేసే గ్రీనింగ్ తెగులుని ఒక చోటినుంచి ఇంకో చోటికి మోసే చిన్న పురుగు కరివేపాకు లేత చిగుళ్ళ మీద గుడ్లు పెడుతుంది. ఈ పురుగు 1998లో, తెగులు 2005లో ఫ్లోరిడాలో బయటపడ్డాయి. 2012లో టెక్సాస్, కాలిఫోర్నియాల్లో కూడా తెగులు కనిపించింది. 2003-04లో ఫ్లోరిడా 24 కోట్ల పెట్టెల నారింజ పండించింది. 2022-23కి అది 1.6 కోట్లకి పడిపోయింది. తుపానుల దెబ్బ కూడా ఉంది గానీ ప్రధాన కారణం ఈ తెగులే.

అందుకే క్వారంటైన్ ఉన్న ప్రాంతాల నుంచి కరివేపాకు మొక్కల్ని బయటికి తీసుకెళ్ళడం మీద ఆంక్షలున్నాయి. ఉద్యోగం మారి డాలస్ నుంచి శాన్‌హోసేకి వెళ్తూ కుండీని కారులో ఎక్కించే ముందు రెండు రాష్ట్రాల వ్యవసాయ శాఖల్నీ అడగండి. ఆన్‌లైన్‌లో ఆర్డర్ ఇచ్చేటప్పుడూ అంతే. ఇండియా నుంచి పచ్చి కరివేపాకు లగేజీలో తేకండి, పట్టుబడితే తీసి పారేస్తారు. ఏ మొక్క భాగం తెచ్చినా కస్టమ్స్ కాగితంలో దాచకుండా చెప్పాలి.

ఇప్పుడు మా ఇంట్లో కొత్త కరివేపాకు ఉంది, ఇక్కడి నర్సరీలోనే కొన్నది. నడుం ఎత్తు వచ్చింది. మల్లె మాత్రం ఆ పాతదే. రెండు కుండీలకీ కింద చక్రాల పీటలు వేయించాను. ఈసారి తుపాను వస్తే ఏది ముందు లోపలికి తేవాలో ఆలోచించుకోవాల్సిన పని లేదు.