సీతాకోకచిలుకల్లా కనిపించే జియోమెట్రిడ్ మాత్‌లు

సీతాకోకచిలుకలు పగలు, మాత్‌లు రాత్రి ఎగురుతాయని మీరు పాఠశాలలో చదివి ఉంటారు. లెపిడోప్టెరా క్రమంలో ఈ సూత్రం ఎంతవరకు నిలుస్తుందో ఈ భాగంలో పరిశీలిద్దాం.

కుటుంబ లక్షణాలు

జియోమెట్రిడే కుటుంబంలో సుమారు 23,000 జాతులున్నాయి. గ్రీకు భాషలో ఈ పేరుకు 'భూమిని కొలిచేది' అని అర్థం. వీటి డింభకానికి సాధారణంగా రెండు జతల మిథ్యాపాదాలే ఉంటాయి. అవి శరీరం చివరి భాగంలో ఉండటం వల్ల, నడుమును విల్లులా పైకి వంచి, జానలతో కొలిచినట్లు నడుస్తుంది. ప్రౌఢజీవి శరీరం సన్నగా, రెక్కలు వెడల్పుగా ఉంటాయి. శ్రవణాంగాలు ఉదరం మొదట్లో ఉంటాయి.

పగలు ఎగిరే డిస్ఫేనియా

భారతదేశంలోనూ కనిపించే డిస్ఫేనియా ప్రజాతి మాత్‌లు మెరిసే రంగులతో పగలే ఎగురుతాయి. చూడగానే సీతాకోకచిలుకలనిపిస్తాయి. అయితే వీటి స్పర్శశృంగాల చివర గుబ్బ ఉండదు.

హెడిలిడే: దీనికి విపర్యయం

అమెరికా ఖండాల ఉష్ణమండలంలోని హెడిలిడ్‌లు ఎక్కువగా రాత్రి ఎగురుతాయి. వీటి స్పర్శశృంగాలకూ గుబ్బ ఉండదు. అందుకే చాలాకాలం వీటిని జియోమెట్రిడ్‌లుగానే లెక్కించారు. కాని వీటి శ్రవణాంగాలు ఉదరంపై కాక ముందు రెక్కల మొదట్లో ఉంటాయి. గుడ్డు, ప్యూపా లక్షణాలను కూడా పరిశీలించి, ఇవి సీతాకోకచిలుకలకు దగ్గరివని 1986లో మాల్కమ్ స్కోబుల్ ప్రతిపాదించాడు. తరువాతి జన్యు అధ్యయనాలు వీటిని సీతాకోకచిలుకల్లోనే చేర్చాయి.

మన ప్రాంతంలో

జనగామ వైపు మెట్ట పొలాల్లో ఆముదాన్ని తినే దాసరి పురుగు కూడా నడుము వంచి నడుస్తుంది. అయినా అది జియోమెట్రిడ్ కాదు, ఎరెబిడే కుటుంబానికి చెందినది. దాని ముందరి మిథ్యాపాదాలు చిన్నవి కావడమే ఆ నడకకు కారణం. భూపాలపల్లి జిల్లా మహదేవపూర్ ప్రాంతంలో మద్ది చెట్లపై పెంచే దసలి పట్టుపురుగు ప్రౌఢజీవి పెద్ద రంగుల రెక్కలతో ఉన్నా, అది మాత్. ఈకల వంటి స్పర్శశృంగాలే అందుకు ఆనవాలు.

కాబట్టి నడక, రంగు, ఎగిరే వేళ వంటి ఏ ఒక్క లక్షణంతోనూ వర్గీకరణ చేయకూడదు. పలు లక్షణాలను కలిపి చూసి, వాటి వెనుక ఉన్న పూర్వీక బంధుత్వాన్ని వెతకాలి. పంట పురుగును తప్పుగా గుర్తిస్తే రైతు ఖర్చూ శ్రమా వృథా అవుతాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. జియోమెట్రిడ్‌ల, హెడిలిడ్‌ల శ్రవణాంగాలు ఎక్కడ ఉంటాయి?
2. మహబూబాబాద్‌లోనో మీ ఊరిలోనో వీధి దీపం కింద వాలిన ఒక కీటకాన్ని గమనించండి. అది మాత్ అని చెప్పడానికి కనీసం రెండు ఆధారాలు రాయండి.