పిస్తోలు మ్రోతయు చెవికి హానియు

పరుగుపందెములందు ప్రేల్చు పిస్తోలులో గుండు లేకున్నను, దాని మ్రోత ప్రేల్చువాని చెవికి అపాయకరమే. సామాన్య సంభాషణము సుమారు 60 డెసిబెలులు. క్షణికమైన ప్రేలుడు 140 మించరాదు. గుండు గల పిస్తోళ్లలో .22 అంగుళముది సుమారు 150, .45 అంగుళముది 157, 9 మిల్లీమీటర్లది (రమారమి .35 అంగుళము) 160, .357 మాగ్నమ్ 164 డెసిబెలుల ధ్వని చేయును. .45 గొట్టము వెడల్పైనను అందలి వాయుపీడనము తక్కువ గావున, మ్రోత 9 మిల్లీమీటర్లదానికంటె కొంత తగ్గును. 10 డెసిబెలులు హెచ్చిన, ధ్వనితీవ్రత పదింతలగును. కావున వీనిలో నిరపాయమైనదొక్కటియు లేదు. లోచెవియందలి సూక్ష్మ రోమకణములు నశించినచో మరల మొలవవు. పందెము నడుపువారు చెవిబిరడాలు ధరింపవలెను. విద్యార్థులు దూరముగా నిలువవలెను.