ఒక్క రాత్రిలో గట్టిపడాల్సిన కాంక్రీటు

ఇంటికి స్లాబు వేసిన మర్నాడు మేస్త్రీ దాని మీద చిన్న చిన్న మడులు కట్టి నీళ్లు నిలబెడతాడు. స్తంభాలకు గోనెసంచులు చుట్టి పూటపూటా తడుపుతారు. వారం పది రోజులు ఆ తడి ఆరకూడదు. కాంక్రీటు ఎండితే గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు కానీ, అది గట్టిపడేది నీళ్లు తాగడం వల్ల. సిమెంటులోని కాల్షియం సిలికేట్లు నీటితో చర్య జరిపి కాల్షియం సిలికేట్ హైడ్రేట్ అనే పదార్థంగా మారతాయి. ఇసుకనూ కంకరనూ పట్టి ఉంచే జిగురు అదే. ఈ చర్య చాలా నెమ్మది. కాంక్రీటు బలాన్ని 28వ రోజున కొలవడం అందుకే ఆనవాయితీ అయింది.

ఇల్లు కట్టుకునేవారికి ఈ ఆలస్యం పెద్ద ఇబ్బంది కాదు. సూరత్ సమీపంలోని కిమ్ గ్రామంలో ఉన్న ఫ్యాక్టరీ సంగతి వేరు. ముంబై-అహ్మదాబాద్ బుల్లెట్ రైలు కోసం ట్రాక్ స్లాబులు తయారుచేసే చోటు అది. కంకర పోసి స్లీపర్లు పరిచే పాత పద్ధతికి బదులు, జపాన్ షింకాన్‌సెన్ మార్గాల్లో మాదిరిగా పట్టాలను ఈ స్లాబుల మీదే బిగిస్తారు. ఒక్కో స్లాబు పొడవు 4.9 మీటర్లు, వెడల్పు 2.2 మీటర్లు, మందం 190 మిల్లీమీటర్లు, బరువు సుమారు 3.9 టన్నులు. 237 కిలోమీటర్ల జంట మార్గానికి 96,000 స్లాబులు కావాలి. పోయడానికి ఉన్న అచ్చులు 120.

ఈ లెక్కన ఒక్కో అచ్చు 800 సార్లు నిండి ఖాళీ కావాలి. రోజుకొక స్లాబు తీయగలిగితే 800 రోజుల్లో పని పూర్తవుతుంది. కాంక్రీటు తనంతట తాను బలపడేదాకా మూడేసి రోజులు ఆగితే ఆరున్నరేళ్లు పడుతుంది. అచ్చుల సంఖ్య పెంచవచ్చు కదా అంటే, కొలతల్లో తేడా రాకుండా చేసే ఉక్కు అచ్చులు ఖరీదైనవి. కాబట్టి ప్రీకాస్ట్ పరిశ్రమ ప్రపంచమంతటా పట్టుకున్న దారి వేడి.

రసాయన చర్యల వేగం ఉష్ణోగ్రతతో ఎలా పెరుగుతుందో స్వీడన్ శాస్త్రవేత్త అర్హీనియస్ 1889లో సూత్రీకరించాడు. సిమెంటుకు ఆ సూత్రం వర్తింపజేస్తే, 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర జరిగే చర్య 60 డిగ్రీల దగ్గర దాదాపు ఏడు రెట్లు వేగంగా జరుగుతుంది. మామూలుగానే 30 డిగ్రీలుండే సూరత్ లాంటి ఊరిలో అయితే లాభం నాలుగు రెట్లే. కాంక్రీటు బలాన్ని అంచనా వేయడానికి కాలాన్నీ ఉష్ణోగ్రతనూ కలిపి లెక్కించవచ్చని బ్రిటన్‌లో సాల్ అనే పరిశోధకుడు 1951లో చెప్పాడు. ఆయన పరిశీలించింది సరిగ్గా ఈ ఆవిరి క్యూరింగ్‌నే.

మరి వేడిగాలి ఎందుకు సరిపోదు? కాంక్రీటులోని నీరు ఆవిరైపోతే చర్య మధ్యలోనే ఆగిపోతుంది. లోపలి సాపేక్ష తేమ 80 శాతం కంటే తగ్గితే సిమెంటు దాదాపు నిద్రపోయినట్టే. పైగా పైపొర ఎండి ముడుచుకుని పగుళ్లిస్తుంది. నీటి ఆవిరి వేడినీ తేమనూ ఒకేసారి అందిస్తుంది. బట్టల అద్దకం మిల్లుల బాయిలర్లతో బతికే సూరత్‌కు, అక్కడి మగ్గాల మీద పనిచేసే తెలుగు నేతకారులకు ఆవిరి కొత్తేమీ కాదు.

అలాగని పోసిన వెంటనే ఆవిరి వదలకూడదు. పచ్చి కాంక్రీటులో గాలి బుడగలూ నీరూ ఉంటాయి. వేడికి అవి కంకర కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా వ్యాకోచిస్తాయి. వాటిని పట్టి ఆపే బలం ఇంకా రాని ముద్ద గుల్లబారుతుంది. అందుకే ముందు మూడు నాలుగు గంటలు ఊరకే వదిలేస్తారు. ఆ తర్వాత గంటకు 10 నుంచి 20 డిగ్రీల చొప్పున వేడి పెంచుతారు. 60 డిగ్రీల దరిదాపుల్లో కొన్ని గంటలు నిలిపి, మళ్లీ నెమ్మదిగా చల్లారుస్తారు. తొందరపడి తెరిస్తే పైభాగం ముందు చల్లబడి సంకోచిస్తుంది, లోపలి భాగం వేడిగానే ఉండిపోతుంది. రెండింటి మధ్య తేడా 20 డిగ్రీలు దాటితే పగుళ్ల భయం మొదలవుతుంది.

అసలు ప్రమాదం 70 డిగ్రీల పైన ఉంది. సిమెంటు గట్టిపడే తొలి గంటల్లో ఎట్రింజైట్ అనే సూది ఆకారపు స్ఫటికాలు ఏర్పడతాయి. ముద్ద మెత్తగా ఉన్నప్పుడు వాటివల్ల నష్టం లేదు. వేడి 70 దాటితే అవి అప్పుడు నిలవవు. వాటికి కావలసిన సల్ఫేట్ జిగురు పదార్థంలో దాక్కుంటుంది. నెలలు, ఏళ్లు గడిచి, వాన నీరు లోపలికి చేరాక ఎట్రింజైట్ తీరిగ్గా పుడుతుంది. అప్పటికి కాంక్రీటు రాయిలా బిగుసుకుని ఉంటుంది, చోటు ఉండదు. ఉబ్బి, లోపలి నుంచే పగులుతుంది. 1980లలో జర్మనీ, ఫిన్లాండ్‌లలో ఆవిరి పట్టిన రైల్వే స్లీపర్లు ఇలాగే దెబ్బతిన్నాయి. ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చినప్పుడు వాటిలో ఏ లోపమూ కనిపించలేదన్నది గమనించాల్సిన విషయం. మర్నాటి బలం పరీక్షలో నెగ్గడం, దశాబ్దాలు నిలవడం ఒకటి కాదు.

ఆ బలంలోనూ చిన్న మెలిక ఉంది. వేడిలో త్వరగా పుట్టిన జిగురు సిమెంటు రేణువుల చుట్టూ దట్టంగా పేరుకుని, మిగతా రేణువుకు నీరు అందకుండా చేస్తుంది. మొదటి రోజు ముందున్న కాంక్రీటు 28వ రోజుకు, చల్లగా పెరిగిన కాంక్రీటు కంటే వెనకబడవచ్చు. సిమెంటులో కొంత భాగానికి బదులు ఫ్లై యాష్ గానీ, ఉక్కు ఫ్యాక్టరీల స్లాగ్ పొడి గానీ కలిపితే ఈ లోటు కొంత తీరుతుంది, ఎట్రింజైట్ బెడదా తగ్గుతుంది.

ఇంకొకటి. సిమెంటు చర్య స్వయంగా వేడిని పుట్టిస్తుంది. కాబట్టి ఆవిరి గది గోడ మీది థర్మామీటర్ 60 చూపిస్తున్నా, కాంక్రీటు గుండెలో 70 దాటి ఉండవచ్చు. పలుచని ట్రాక్ స్లాబులో ఈ తేడా కొద్దిగానే ఉంటుంది. ఇదే బుల్లెట్ రైలు వంతెనల కోసం ఒకే ముక్కగా పోసే 40 మీటర్ల, 970 టన్నుల గర్డర్ వంటి వాటిలో అది పెద్దదవుతుంది. అందుకే థర్మోకపుల్ తీగలను కాంక్రీటు పోసేటప్పుడే లోపల పాతిపెట్టి, గది రీడింగును పక్కనపెట్టి, వాటి రీడింగును బట్టి ఆవిరి వాల్వు తిప్పుతారు. బలం పరీక్షకు పోసిన ఘనాలను కూడా స్లాబు పక్కనే, అదే ఆవిరిలో ఉంచుతారు.