పడవ డెక్కు మెత్తబడు టెందుకు?

పాత గాజునార పడవల డెక్కుపై నడచునపుడు, ఒక్కొక్కచోట అది అడుగు క్రింద రవంత దిగి మరల పైకి లేచుట కద్దు. పై పొర చూచుటకు చెక్కుచెదరక యుండును. మరి లోపమెక్కడ?

కార్ల్ ఆల్బర్గ్ రూపొందించిన 28 అడుగుల ట్రైటన్ అను తెరచాప పడవను 1959లో న్యూయార్కు పడవల ప్రదర్శనలో ఉంచిరి. నాటి ట్రైటన్లు కొన్ని నేటికిని నీటిపై తిరుగుచున్నవి. వాని డెక్కు ఒకే పలక కాదు. రెజినుతో గట్టిపరచిన రెండు గాజునార పొరల నడుమ మిక్కిలి తేలికయైన బాల్సా కర్రను అతికిరి.

ఈ కూర్పులోని కిటుకు తెలియుటకు రెండు చెక్క కొలబద్దలను ఒకదానిపై నొకటి ఉంచి వంచి చూడుడు. కొనలు జారి, సులభముగ వంగును. వానినే బంకతో గట్టిగ అతికినచో నాలుగు రెట్లు బిగువుగ నుండును. ఏలయన, పలక మందము రెండింతలైన బిగువు ఎనిమిదింతలగును. అతకని బద్దల బిగువు రెండింతలు మాత్రమే. డెక్కుపై మనిషి నిలిచినపుడు పై పొర నొక్కుడును, క్రింది పొర సాగుడును భరించును. నడుమ కర్ర వానిని జారనీయదు. కనుక డెక్కు బిగువంతయు అతుకులోనే యున్నది.

ఈ అతుకునకు నీరే శత్రువు. కప్పీలు, రెయిలింగు కంబములు బిగించిన రంధ్రముల గుండ వాననీరు దిగి కర్రను కుళ్ళించును. అప్పుడు పొరలు విడివడును. కుండ కొనువారు తట్టి చూచినట్లు సుత్తిపిడితో తట్టినచో మంచిచోట ఖంగుమనును, చెడినచోట మొద్దుగ పలుకును.

చిన్న రంధ్రములు తొలచి ఎపాక్సీ జిగురు పోసి ఊరుకొనువారు కలరు. తడిసి కుళ్ళిన కర్రకు జిగురు పట్టదు. పై పొరను కోసి యెత్తి, కుళ్ళును గీకి, లోపల బాగుగ ఆరనీయవలెను. పిదప క్రొత్త బాల్సా ముక్కలను, కర్రనార నిలువుగ నుండునట్లు ఎపాక్సీతో అతుకవలెను. అట్లుంచిన నీరు ప్రక్కలకు త్వరగ ప్రాకదు. పై పొరను మరల అతికి, బరువులుంచి, గట్టిపడిన పిమ్మట కోతల అంచులను ఏటవాలుగ అరగదీసి గాజునార గుడ్డను ఎపాక్సీతో పొరలుగ వేయవలెను. ఈ ధూళి ఊపిరితిత్తులకు హానికరము, ముసుగు తప్పనిసరి.

కడపట, ప్రతి బోల్టు రంధ్రమును పెద్దదిగ తొలచి, చిక్కని ఎపాక్సీతో పూడ్చి, దాని నడుమ క్రొత్త రంధ్రము చేయవలెను. అప్పుడు నీరు దిగినను కర్రను తాకదు. పెనుగాలిలో, రాత్రివేళ, ముంగలి తెరచాపను దింపబోవు నావికుడు ప్రాణమునకు పట్టుకొనునది ఆ బోల్టులపై నిలిచిన కంబమునే.