నైలాన్ దాహాన్ని తగ్గించేదెలా?

పళ్ల బ్రష్షు కుచ్చులు, చేపల వలలు, యంత్రాల్లో తిరిగే గేర్లు, కారు రేడియేటర్‌కు ఇరువైపులా ఉండే ప్లాస్టిక్ తొట్లు... ఇన్నిటికీ వాడే పదార్థం నైలాన్. 1935లో అమెరికాలోని డ్యూపాంట్ సంస్థలో వాలెస్ కరోథర్స్ బృందం దీన్ని తయారుచేసింది. గట్టిగా ఉంటుంది, త్వరగా అరగదు, వేడినీ నూనెనూ తట్టుకుంటుంది. చిక్కల్లా ఒకటే. నైలాన్ నీటిని పీల్చుకుంటుంది.

నైలాన్-6 ముక్కను నీళ్లలో చాలా రోజులు ఉంచితే తన బరువులో 9 శాతం దాకా నీటిని పీలుస్తుంది. నీళ్లలో వేయకపోయినా, గాలిలో తేమ 50 శాతం ఉంటే చాలు, సుమారు 2.5 నుంచి 3 శాతం నీరు చేరుతుంది. దాంతో ముక్క కొద్దిగా ఉబ్బుతుంది, మెత్తబడుతుంది. పొడిగా ఉన్నప్పటి దృఢత్వం సగానికి పైగా పడిపోవచ్చు. కొలత తేడా వస్తే గేరు బిగుసుకుపోతుంది.

ఈ దాహానికి మూలం నైలాన్ బలంలోనే ఉంది. దాని పొడవైన గొలుసు అణువులను పక్కపక్కనే పట్టి ఉంచేవి అమైడ్ సమూహాల మధ్య ఏర్పడే హైడ్రోజన్ బంధాలు. నీటి అణువులకూ అలాంటి బంధాలు ఏర్పరచే గుణం ఉంది. అవి గొలుసుల మధ్య దూరి అమైడ్ సమూహాలను అంటుకుంటాయి. గొలుసుల మధ్య పట్టు సడలుతుంది.

దీనికి ఒక మందు మిశ్రమం. నీటిని దాదాపు పీల్చని పాలీప్రొపిలీన్‌ను నైలాన్‌లో కలుపుతారు. అయితే ఈ రెండూ నూనె, నీళ్లలా విడిపోతాయి. అందుకే మలేయిక్ అన్‌హైడ్రైడ్ అతికించిన పాలీప్రొపిలీన్‌ను కొద్దిగా చేరుస్తారు. దాని ఒక భాగం నైలాన్‌తో రసాయనికంగా ముడిపడుతుంది, మిగతాది పాలీప్రొపిలీన్‌తో కలిసిపోతుంది. నీటి పీల్పు తగ్గుతుంది, కానీ బలమూ కొంత తగ్గుతుంది.

ఆ లోటును పూడ్చేది గాజు నార. 30 శాతం నార కలిపితే లాగుడును తట్టుకునే బలం సుమారు రెట్టింపు, దృఢత్వం మూడు రెట్ల దాకా పెరుగుతాయి. గాజు నీటిని పీల్చదు కాబట్టి మొత్తం మీద తేమ కూడా తగ్గుతుంది. నారకు ముందుగా సిలేన్ పూత వేయకపోతే మాత్రం నైలాన్ దాన్ని సరిగా అంటుకోదు. ఆ సందుల్లో నీరు చేరి బలాన్ని తినేస్తుంది.

మూడో దారి బంకమన్ను. జపాన్‌లోని టయోటా పరిశోధకులు 1980ల చివర్లో కొద్ది శాతం మాంట్‌మోరిల్లోనైట్ మట్టిని నానోమీటరు మందపు పలకలుగా విడదీసి నైలాన్-6లో పరిచారు. నీటి అణువు ఆ పలకలను చుట్టి రావాలి. నీరు పూర్తిగా ఆగదు, చేరడం మాత్రం ఆలస్యమవుతుంది.

తేమను పూర్తిగా తరిమేయడమూ మంచిది కాదు. బాగా పొడి నైలాన్ పెళుసుగా ఉంటుంది, కాస్త తేమ చేరితేనే దెబ్బను ఓర్చుకుంటుంది. అందుకే నైలాన్ సమాచార పత్రాల్లో తరచూ బలాన్ని రెండు అంకెల్లో ఇస్తారు: పొడిగా ఒకటి, తేమ చేరాక ఒకటి. తీరప్రాంతాల్లో, వానాకాలంలో పనిచేయాల్సిన భాగానికి నమ్మదగింది రెండో అంకె.