పండుగ వెళ్ళిన ఇల్లు

'ఇల్లు అలకగానే పండుగ కాదు' అని తెలుగువారి సామెత. ఒక పనికి నాంది పలికినంత మాత్రాన అది పూర్తి కాదని దీని భావం. ఇల్లు అలకడం పండుగకు తొలిమెట్టు అన్న అనుభవం లేనిదే ఈ సామెత పుట్టేది కాదు. ధనుర్మాసం ప్రవేశించింది మొదలు భోగి వరకు తెలుగునాట ప్రతి ఇంట బూజు దులపడం, గోడలకు సున్నం వేయడం, గడపలకు పసుపు పూయడం, వాకిట ముగ్గులు తీర్చడం తరతరాలుగా వస్తున్న ఆచారం. ఆంధ్ర ప్రాంతంలో కల్లాపి అనేదాన్ని తెలంగాణ పల్లెల్లో సాన్పు అంటారు. పేరు వేరైనా పేడనీళ్ళు ఒక్కటే. అయితే ఇదంతా పండుగకు ముందు జరిగే ముచ్చట. పండుగ వెళ్ళిన తరువాత ఇల్లు ఎట్లా ఉంటుందో చెప్పిన సామెత లేదు. పల్లెలో ఆ అవసరం కూడా లేదు, ఎందుకంటే పండుగనాడు ఆ ఇంట మనుషులు ఉంటారు. నగరంలో సంగతి వేరు.

హైదరాబాదు తూర్పు దిక్కున ఉన్న దిల్‌సుఖ్‌నగర్, లాల్‌బహదూర్‌నగర్ ప్రాంతాలు ఈ విషయానికి చక్కని ఉదాహరణలు. మాజీ ప్రధాని లాల్‌బహదూర్ శాస్త్రి పేరిట వెలసిన లాల్‌బహదూర్‌నగర్‌ను జనం పొట్టిగా ఎల్.బి.నగర్ అంటారు. విజయవాడ జాతీయ రహదారి నగరం దాటేది ఇక్కడినుండే. అందువల్ల నల్లగొండ, ఖమ్మం, కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుండి బతుకుదెరువుకు, చదువుకు వచ్చినవారు కొత్తపేట, చైతన్యపురి, వనస్థలిపురం వంటి చోట్ల ఎందరో స్థిరపడ్డారు. సంక్రాంతి సమీపించగానే ఎల్.బి.నగర్ కూడలి మూటముల్లెలతో, పిల్లాపాపలతో నిండిపోతుంది. చౌటుప్పల్ సమీపంలోని పంతంగి టోల్‌గేటు దగ్గర వాహనాలు బారులు తీరుతాయి. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుండి ఎల్.బి.నగర్ వరకు మెట్రోరైలు ప్రారంభమైన తరువాత నగరపు నలుమూలల నుండి ఊళ్ళకు పోయేవారు కూడా ఇక్కడికే చేరి బస్సులెక్కడం పెరిగింది. వారం పదిరోజుల పాటు కాలనీలలో వీధికి సగం ఇళ్ళు తాళాలు వేసుకుని కనిపిస్తాయి. కనుమ, ముక్కనుమ గడిచి అందరూ తిరిగి వచ్చిననాడు ఆ తాళాలు తెరుచుకుంటాయి. లోపల ఎదురుచూసేది ఏమిటి?

తలుపు తీయగానే ఒక మూసిన వాసన వస్తుంది. చాలామంది వెంటనే చీకట్లో చేయి చాచి లైటు స్విచ్ నొక్కుతారు. నిజానికి ముందుగా చేయవలసినది కిటికీలు తెరవడం. వంటగ్యాసు గాలికన్నా బరువైనది. ఎక్కడైనా సన్నగా కారితే అది పైకి పోదు, నేలమీద పరుచుకుని నిలిచి ఉంటుంది. స్విచ్ నొక్కినప్పుడు పుట్టే చిన్న నిప్పురవ్వ దానికి చాలు. వంటగ్యాసుకు స్వతహాగా చెప్పుకోదగిన వాసన ఉండదు. కారినప్పుడు తెలియాలని ఇథైల్ మెర్కాప్టాన్ అనే దుర్గంధ పదార్థాన్ని కావాలనే కలుపుతారు. ఆ వాసన తగిలితే ఏ స్విచ్చూ ముట్టకుండా, తలుపులూ కిటికీలూ బార్లా తెరిచి, బయటికి వచ్చి గ్యాసు సరఫరాదారుకు కబురు చేయాలి. ఊరికి పోయేముందే సిలిండరు రెగ్యులేటరును కట్టివేసి పోయిన ఇల్లాలికి ఈ భయం ఉండదు.

స్నానాల గదిలో మరొక వాసన ఉంటుంది. నీళ్ళు పోయే గొట్టంలో ఒక వంపు ఉంటుంది. ఆ వంపులో ఎప్పుడూ కొంత నీరు నిలిచి, మురుగుకాలువ గాలిని ఇంట్లోకి రానీయకుండా అడ్డుకుంటుంది. అలెగ్జాండర్ కమ్మింగ్ అనే గడియారాల నిపుణుడు 1775లో లండన్‌లో ఈ వంపుగొట్టంతో కూడిన మరుగుదొడ్డికి పేటెంటు పొందాడు. వాడకం లేని గదిలో ఆ నీరు ఆవిరైపోతే దుర్వాసనతో పాటు బొద్దింకలు కూడా అదే దారిన వస్తాయి. ఖరీదైన అత్తరు బుడ్లు అక్కర లేదు. ఒక చెంబెడు నీళ్ళు జాలీలో పోస్తే అడ్డు మళ్ళీ ఏర్పడుతుంది.

ఇక దుమ్ము. తెలుగులో 'బూజు' అనే మాటకు రెండు అర్థాలు ఉండడం గమనించదగినది. సాలెగూడు బూజే, పచ్చడి మీద పట్టే తెల్లని పొర కూడా బూజే. మొదటిది సాలీడు అల్లినది, రెండవది శిలీంధ్రం. మన పూర్వులు రెండింటినీ ఒకే పేరుతో పిలిచారంటే అజ్ఞానం వల్ల కాదు; ఇంటిని పట్టించుకోకపోతే రెండూ ఒకే తీరుగా పేరుకుంటాయని వారికి తెలుసు. చలికాలంలో హైదరాబాదులో రాత్రివేళ నేలకు దగ్గరి గాలి చల్లబడి, పైనున్న వెచ్చని గాలి దానికి మూతలా పనిచేస్తుంది. రహదారి మీది పొగ, ధూళి పైకి లేవలేక కిందనే తిరుగుతాయి. పగలూ రాత్రీ వాహనాలు నడిచే దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు పక్క ఇళ్ళలో కిటికీ మూసినా సందుల గుండా అవి లోపలికి వస్తాయి. వీటికి తోడు బట్టల పోగులు, మనుషుల చర్మం నుండి రాలిన సన్నని పొలుసులు కలిసి ఇంటి దుమ్ము అవుతుంది. ఆ పొలుసులను తిని బతికే నల్లులవంటి సూక్ష్మజీవులు పరుపుల్లో, దిండ్లలో ఉంటాయి. మిల్లీమీటరులో మూడవ వంతు కూడా ఉండవు కనుక కంటికి ఆనవు. వీటి విసర్జనమే ఎందరికో తుమ్ములకు, ఉబ్బసానికి కారణం.

ఇందువల్ల పొడి చీపురుతో ఊడవడం సగం పని మాత్రమే. దుమ్ము లేచి, ఊపిరితిత్తుల్లోకి కొంత పోయి, మిగిలినది మళ్ళీ దిగుతుంది. పైకప్పు నుండి మొదలుపెట్టి పంకాలు, అలమరలు, చివరికి నేల అన్న వరుసలో తడిబట్టతో తుడవడం మంచి పద్ధతి. కింద తుడిచి ఆనక పైన దులిపితే పని రెట్టింపు. దుప్పట్లను సుమారు 60 డిగ్రీల వేడినీటిలో ఉతికితే ఆ సూక్ష్మజీవులు చస్తాయి. పరుపులు, బొంతలు ఎండలో వేసే పాత అలవాటు కూడా మంచిదే, తేమ లేనిదే అవి బతకలేవు.

గోడకు సున్నం వేయడాన్ని నేటివారు పేదల అలంకారంగా చూస్తారు. ఇందులోని రసాయనశాస్త్రం తెలిస్తే ఆ చులకన ఉండదు. కాల్చిన సున్నపురాయిలో నీళ్ళు పోస్తే కుతకుత ఉడికి తడిసున్నం అవుతుంది. గోడమీద పూసినప్పుడు అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మళ్ళీ రాయిగా, అనగా కాల్షియం కార్బొనేటుగా మారుతుంది. దానికున్న క్షారగుణం వల్ల తాజాగా సున్నం వేసిన గోడకు బూజు పట్టదు. అందమంతా తెలుపులోనే ఉందనుకున్న గోడకు వైద్యం కూడా అందులోనే జరుగుతూ ఉండేది.

శుభ్రత పేరిట జరిగే ఒక ప్రమాదాన్ని ఇక్కడ విస్తరించి చెప్పాలి. 1799లో చార్లెస్ టెనెంట్ అనే స్కాట్లాండు రసాయనజ్ఞుడు బ్లీచింగ్ పౌడరుకు పేటెంటు తీసుకున్నాడు. నీటిలోని క్రిములను చంపడానికి నేటికీ దాన్ని వాడుతున్నారు. మరుగుదొడ్డి మరకలు పోవడానికి వాడే యాసిడ్ వేరొకటి. విడివిడిగా రెండూ పనికివచ్చేవే. రెంటినీ కలిపితే ఇంకా బాగా తెల్లబడుతుందన్న ఆశతో కొందరు మూసిన స్నానాల గదిలో ఒకదానిపై ఒకటి పోస్తారు. అప్పుడు వెలువడేది క్లోరిన్ వాయువు. మొదటి ప్రపంచ యుద్ధంలో 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ వద్ద శత్రుసైనికుల మీదికి వదలినది ఈ విషవాయువునే. కళ్ళు మండి, దగ్గు ఆగకపోతే పని వదిలి వెంటనే బయటి గాలిలోకి రావాలి.

పండుగ సెలవుల్లో అందరికన్నా నిశ్శబ్దంగా తన పని తాను చేసుకునేది దోమ. సికింద్రాబాదులో పనిచేసిన రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని గుర్తించి, దోమకూ వ్యాధికీ ఉన్న సంబంధాన్ని లోకానికి చాటాడు. ఆ కీర్తి ఈ నగరానిదే. నేడు కాలనీలలో ఎక్కువ భయపెడుతున్నది మాత్రం వేరే జాతి దోమ వ్యాపింపజేసే డెంగీ జ్వరం. ఏడిస్ అనే ఆ దోమ మురికినీటి కన్నా మంచినీటినే ఇష్టపడుతుంది, పగటిపూట కుడుతుంది. వాతావరణం వెచ్చగా ఉంటే గుడ్డు నుండి రెక్కల దోమ కావడానికి ఏడు నుండి పది రోజులు పడుతుంది. చలిలో ఇంకొంత ఆలస్యం. కుటుంబం ఊరిలో ఉన్న కాలం, దోమ పెరగడానికి పట్టే కాలం రెండూ ఇంచుమించు సమానం కావడమే ఇక్కడి చిక్కు. మూత లేని డ్రమ్ము, ఫ్రిజ్ వెనుకటి పళ్ళెం, పూలకుండీ కింది తట్ట, మూలనపడ్డ కూలరు దాని నివాసాలు. నీళ్ళు పారబోసినంత మాత్రాన పని కాదు. ఏడిస్ తన గుడ్లను నీటి అంచుకు పైన, పాత్ర గోడకు అంటిస్తుంది. అవి ఎండిపోయి కూడా నెలల తరబడి బతికి, మళ్ళీ నీరు తగలగానే పిల్లలవుతాయి. కనుక డ్రమ్మును లోపలివైపు గట్టిగా రుద్ది కడగాలి.

నీటి సంగతి వచ్చింది కనుక సంపు గురించి కూడా చెప్పాలి. 2004 నుండి కృష్ణా జలాలు నాగార్జునసాగర్ వైపు నుండి వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించి సాహెబ్‌నగర్ మీదుగా నగరానికి వస్తున్నాయి. శుద్ధి చేసినప్పుడు కలిపిన క్లోరిన్ కొన్నాళ్ళు నిలువ ఉన్న నీటిలో నిలవదు. పాతనీటిని తోటకు, నేల కడగడానికి వాడి, తొట్టిని కడిగి కొత్తనీరు నింపుకోవడం ఉత్తమం. అయితే చిరకాలం మూసి ఉన్న సంపులోకి ఎవరూ ఒంటరిగా దిగరాదు. లోపల ప్రాణవాయువు తగ్గి ఉండవచ్చు. దిగినవాడు స్పృహ తప్పితే, రక్షించబోయి దిగినవాడు కూడా తప్పుతాడు.

ఈ ప్రాంతవాసులకు ఇల్లు కడగడం అంటే మరొక జ్ఞాపకం కూడా ఉంది. 2020 అక్టోబరులో కురిసిన కుండపోత వానలకు సరూర్‌నగర్ చెరువు పరిసర కాలనీలలో ఇళ్ళలోకి నీరు వచ్చింది. నీరు తీసిన తరువాత మిగిలిన ఒండ్రును ఎత్తిపోయడం, నానిన పరుపులను, పుస్తకాలను వీధిలో కుప్పపోయడం చూసినవారికి పండుగ దుమ్ము ఒక లెక్క కాదు. ఆనాడు నీరు పోవలసిన నాలాలకు అడ్డుపడిన వాటిలో ఇళ్ళ నుండి విసిరిన చెత్త కూడా ఉంది. 2015లో తడిచెత్తకు ఆకుపచ్చ డబ్బా, పొడిచెత్తకు నీలి డబ్బా ఇచ్చి, ఇంటింటికీ స్వచ్ఛ ఆటోలు పంపడం మొదలైంది. అయినా పండుగ మరునాడు పాత చాపలు, ప్లాస్టిక్ డబ్బాలు నాలా గట్టున కనిపిస్తూనే ఉంటాయి. వాటిని భోగిమంటలో వేయడం ఇంకా చెడ్డది. పాతకర్ర కాలితే బూడిద మిగులుతుంది, టైరు కాలితే విషపు పొగ మిగులుతుంది.

'ఇల్లు చూసి ఇల్లాలిని చూడు' అన్న మాట ఎంత పాతదో అంత అన్యాయమైనది. ఊరిలో నాలుగు రోజులు వంటశాలలోనే గడిపి, రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చిన తల్లి, తెల్లవారి చీపురు పట్టవలసి రావడం ఏ శాస్త్రంలోనూ లేదు. పనిమనిషి కూడా ఆ రోజే తన ఊరి నుండి దిగి, తన ఇంటి దుమ్ము అట్లాగే ఉంచి నాలుగిళ్ళ దుమ్ము తుడవడానికి వస్తుంది. పైకప్పు బూజు దులపడానికి పొడవైన చేతులు ఉన్న కొడుకులు ఇంట ఉండగా ఆమె స్టూలు ఎక్కడం ఎందుకు?

దిల్‌సుఖ్‌నగర్ వసతిగృహాలకు తిరిగివచ్చే విద్యార్థుల గది చిన్నది, పని కూడా చిన్నదే. దుప్పటి ఎండలో వేయడం, బకెట్టు రుద్దడం, అలమర తుడవడం గంటసేపటి పని. చిక్కంతా ఇంటినుండి తెచ్చిన సకినాలు, అరిసెల డబ్బాతోనే. బెల్లం వాసనకు చీమలు రాత్రికి రాత్రే బారులు కడతాయి. వాటిని ఆపడానికి డబ్బాను నీళ్ళు పోసిన పళ్ళెంలో పెట్టడం అమ్మమ్మల నాటి ఉపాయం, నేటికీ తిరుగులేనిది. ఆ పళ్ళెంలోని నీటిని మాత్రం అరిసెలు అయిపోయేదాకా అట్లాగే ఉంచక, రెండు మూడు రోజులకొకసారి పారబోసి, పళ్ళెం అంచు రుద్ది కడగాలి. ఏడిస్ దోమకు అంతకన్నా అనువైన చోటు ఆ గదిలో మరొకటి ఉండదు.