మీటల మీద నడక

ప్రోగ్రాము వ్రాయడం విద్యాలయాలలో నేర్పుతారు. ఒకరు వ్రాసినదాన్ని చదవడం మాత్రం అంతగా నేర్పరు. కాని ఉద్యోగంలో చేరినవానికి మొదట ఎదురయ్యేవి ఎవరో వ్రాసిపెట్టిన వేలాది పంక్తులే. వాటిలో దారి తెలియనివాడు మౌసు చక్రం త్రిప్పుతూ పైకీ క్రిందికీ తిరుగుతాడు. వెదికినది దొరికేసరికి, ఎందుకు వెదికాడో మరచిపోతాడు.

ఈ చిక్కుకు మంచి ఉపాయం 'వీఐ' అనే ఎడిటర్. 1976లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ ప్రాంగణంలో విద్యార్థిగా ఉన్న బిల్ జాయ్ దీని రచనకు పూనుకున్నాడు. సెకనుకు 30 అక్షరాలు మాత్రమే పంపగల మోడెమ్ మీద పని చేయవలసి రావడంతో ఆదేశాలను ఒకటి రెండు మీటలకు కుదించాడు. ఆయన వాడిన ఏడీఎం-3ఏ యంత్రంలో బాణపు గుర్తులు హెచ్, జె, కె, ఎల్ మీటల మీదనే ఉండేవి. నేటికీ ఎడమ, క్రింద, పైన, కుడి దిక్కులకు అవే మీటలు. ఇదే బాణీలో బ్రామ్ మూలెనార్ 1991లో 'విమ్'ను వెలువరించాడు.

దీని కీలకం ఒక్కటే. మామూలు స్థితిలో అక్షరపు మీటలు వ్రాయవు, నడిపిస్తాయి. వ్రాయదలచినపుడు 'ఐ' నొక్కాలి. 'ఎస్కేప్' నొక్కితే మళ్లీ నడకే. ఆ నడక కూడా అర్థాన్ని బట్టి సాగుతుంది. 'డబ్ల్యూ' మాట నుండి మాటకు తీసుకుపోతుంది. శాతపు గుర్తు ఒక బ్రాకెట్టు నుండి దాని జోడీకి, నక్షత్రపు గుర్తు కర్సర్ క్రింది పేరు మళ్లీ వచ్చిన చోటికి చేరుస్తాయి.

రుసుముల లెక్క కట్టే ప్రోగ్రాములో మొత్తం తప్పు వస్తున్నదనుకుందాము. మధ్యలో 'రాయితీ' అనే ఫంక్షన్ కనబడింది. 'సీట్యాగ్స్' అనే సాధనంతో పేర్ల సూచిక ముందే సిద్ధం చేసి ఉంటే, కంట్రోల్‌తో పాటు కుడి చదరపు బ్రాకెట్టు నొక్కగానే, వేరే ఫైలులో ఉన్నా సరే, ఆ ఫంక్షన్ నిర్వచనం ఎదుట నిలుస్తాము. చూడవలసినది చూసి, కంట్రోల్‌తో 'ఓ' నొక్కితే బయలుదేరిన పంక్తికే తిరిగి వస్తాము. చదువుతున్న పుటలో వేలు ఉంచి నిఘంటువు తిరగవేసినట్లే ఇది. మిగిలే క్షణాలకంటె, తెగకుండా నిలిచే ఆలోచనే ఇక్కడ అసలైన లాభమని మా అభిప్రాయం.

మొదట్లో వేళ్లు తడబడుట సహజం. విమ్‌తో వచ్చే 'విమ్‌ట్యూటర్' పాఠాన్ని అరగంటలో ముగించవచ్చు. దీనికి వెల లేదు, పాత యంత్రాల మీద సైతం నడుస్తుంది. ఇంట కొత్త కంప్యూటర్ లేని విద్యార్థికి ఇది చిన్న మేలు కాదు. మన ప్రయోగశాలలో దీని అభ్యాసానికి వారానికి ఒక గంట కేటాయించవలసిందిగా కళాశాల కమిటీవారిని కోరుతున్నాము.